తారీఖమ్మకు వచ్చిన ఆఖరి గురువారం

టైలర్లంటే ‘రేపు రండి’ అనే జాతి అని లోకమంతా అనుకుంటుంది. అనుకోవడంలో తప్పూ లేదు. కానీ ఆ వీధిలో ఒక టైలరమ్మ ఉండేది, ఇరవై ఎనిమిదేళ్ళలో ఒక్కసారి కూడా చెప్పిన తారీఖు తప్పలేదు. ఒళ్ళు కాలిపోయే జ్వరంలోనూ ఇచ్చింది. కరెంటు పోతే కాలితో తొక్కే పాత మిషను దుమ్ము దులిపి మరీ ఇచ్చింది. ఒకసారి కుడి మణికట్టు బెణికితే ఎడంచేత్తో ఒక గౌను అంచుకు తురుపాయి వేసి ఇచ్చింది. ఆ గౌను అంచు కాస్త వంకర పోయిందని, తొడుక్కున్న పిల్ల మర్చిపోయినా, తను మాత్రం ఇప్పటికీ చెప్పుకుని బాధపడుతుంది. అలా అలా అందరూ ఆవిడకు తారీఖమ్మ అని పేరు పెట్టేశారు. కట్టుకున్నవాడికైనా అసలు పేరు గుర్తుందో లేదో నాకు అనుమానమే.

పొద్దున్నే షట్టరెత్తి, మిషనుకు దారం ఎక్కించి, కళ్ళు మూసుకుని దేవుడితో రెండు ముక్కలు చెప్పుకుని, అప్పుడే పెడలు మీద కాలు పెట్టేది. ఆ రెండు ముక్కలేమిటో ఎవరికీ చెప్పలేదు. “సూది విరక్కుండా చూడు సామీ అనేమో” అనేవాడు పక్కనున్న పాల దుకాణం అతను. ఆవిడ నవ్వి ఊరుకునేది.

అదే వీధిలో తారీఖు ఇచ్చే మనిషి ఇంకొకరు బయల్దేరారు. ఆయన లెక్కల మాస్టారు. నలభై ఏళ్ళు పిల్లలకు లెక్కలు చెప్పి రిటైరయ్యాక, చేతిలో లెక్క లేక తోచక, పవిత్ర గ్రంథాలు ముందేసుకుని వాటిలోని అంకెలన్నీ కూడి, తీసి, హెచ్చవేసి, ఏడు నోటుబుక్కులు నింపాడు. చివరికి లోకాంతం ఎప్పుడో తేల్చేశాడు. ఏడాది తర్వాత ఫలానా నెల, గురువారం, మధ్యాహ్నం పన్నెండు గంటలకు. ఎంత ఒద్దికైన ప్రళయమో చూడండి, భోజనాల వేళ కూడా దాటనివ్వలేదు.

మాస్టారు మోసగాడు కాదు. ఆ మాట ముందే చెప్పాలి. ఏ పిల్లవాడి చెవీ మెలిపెట్టకుండా సర్వీసు పూర్తిచేసిన మనిషి. అందుకే ముప్పై మూడు మంది ఆయన్ని నమ్మారు. ప్రతి ఆదివారం సబ్బుల గోడౌను పైనున్న హాల్లో కూడి ప్రార్థనలు చేసుకునేవారు. ఇంటికొస్తే వాళ్ళ బట్టల నిండా సబ్బు వాసన. ఊళ్ళో అంత శుభ్రమైన భక్తి ఇంకెక్కడా లేదని పాలతను వెక్కిరించేవాడు.

ఆ ముప్పై మూడు మందిలో ఒకడు తారీఖమ్మ భర్త.

అతను పెద్ద ఆఫీసు భవనంలో లిఫ్టు మెకానిక్కు. కిందటేడు అతని తల్లి పోయింది. తల్లికి ప్రాణం మీదికొచ్చిందని కబురొచ్చినప్పుడు ఎనిమిదో అంతస్తు దగ్గర ఇరుక్కుపోయిన లిఫ్టులో ఆరుగురున్నారు. వాళ్ళను దించి, చేతులు కడుక్కుని, బస్సు పట్టుకుని వెళ్ళేసరికి అంతా అయిపోయింది. ఆ ఆలస్యం అతనికి మింగుడు పడలేదు. రాత్రుళ్ళు లేచి కూర్చునేవాడు. అప్పుడు మాస్టారు భుజం మీద చెయ్యి వేసి, “అంతా ముందే రాసి ఉందయ్యా. నీ ఆలస్యం కూడా రాసే ఉంది. ఇంక కొన్నాళ్ళే, మళ్ళీ అమ్మను చూస్తావు” అన్నాడు. ఆ మాటతో అతనికి ప్రాణం లేచొచ్చింది. ఆ సంగతి తారీఖమ్మకు తెలుసు కాబట్టే సబ్బుల హాలు మీద ఒక్క మాట తూలలేదు.

కానీ ఆ ఊరట కాస్తా ముదిరి జబ్బయింది. పాలు పొంగిపోతే రాసే ఉంది. గొడుగు బస్సులో మర్చిపోతే రాసే ఉంది. పిడుక్కీ బియ్యానికీ ఒకటే మంత్రం. నెలల తరబడి ఆవిడ ఓర్చుకుంది. ఒక సాయంత్రం ఉల్లిపాయలు తరుగుతూ తాడో పేడో తేల్చుకుందామనుకుంది.

“మన పెళ్ళో? అదీ రాసే ఉందా?”

“అది మరీ ముఖ్యంగా” అన్నాడతను ఉత్సాహంగా. “నువ్వు యూనిఫారాల మూట పట్టుకుని అయిదో అంతస్తుకి వచ్చిన మూడుసార్లూ లిఫ్టు చెడిపోవడమేంటి? మూడుసార్లూ మెట్ల మీద మూట మొయ్యడానికి నేనే అక్కడుండటమేంటి? రాసి లేకపోతే ఎలా జరుగుతుంది?”

“అంటే మీరు నన్ను ఎంచుకోలేదన్నమాట.”

“ఎంచుకోడానికి మనమెవరం చెప్పు.”

అతను గొప్ప మాట అన్నాననుకున్నాడు. ఆవిడకు అది సూదిలా దిగింది. ఇరవై ఆరేళ్ళ కాపురంలో ఆవిడ గుట్టుగా దాచుకున్న గర్వం ఒక్కటే, తన మొగుడు తనను కోరి చేసుకున్నాడని. తోటికోడళ్ళు నగల గురించి చెప్పుకుంటున్నప్పుడు ఆవిడ ఆ మెట్ల సంగతి తల్చుకుని లోపల్లోపల నవ్వుకునేది. ఇప్పుడది కూడా పైవాడి ఖాతాలోకి పోయింది. ఉల్లిపాయల వంక పెట్టుకుని కళ్ళు తుడుచుకుంది. మూడు రోజులు వడ్డించింది గానీ మాట్లాడలేదు.

“దేవుడు గుడ్డ ఇచ్చాడు, కత్తెరా ఇచ్చాడు” అంది నాలుగో రోజు. “కత్తిరింపు కూడా ఆయనే చేసేటట్టయితే నాకు కత్తెరెందుకిచ్చినట్టు?”

అతను తల గోక్కుని, “మాస్టార్ని అడిగి చెప్తా” అన్నాడు.

మాస్టారే వచ్చాడు, కానీ జవాబుతో కాదు, తెల్ల గుడ్డ తానుతో. ఆఖరి రోజుకు అందరికీ పొడుగాటి తెల్ల అంగీలు కావాలి. తనతో కలిపి ముప్పై నాలుగు. “కాలరు ఉండాలా వద్దా అన్నదాని మీద సభలో రెండు వారాలు చర్చ జరిగిందమ్మా. వద్దని తేలింది” అన్నాడు.

“రాసే ఉంటే రెండు వారాలు చర్చెందుకు మాస్టారూ?”

“చర్చ జరుగుతుందని కూడా రాసుంటుంది కదమ్మా” అన్నాడాయన, ఏమాత్రం తొణక్కుండా. ఆవిడకు నవ్వాగలేదు. ఆయనతో వాదించడం గోడకు మేకు కొట్టడం కాదు, నీళ్ళకు మేకు కొట్టడం. “మీ గురువారం సంగతి నాకు తెలీదు. నా తారీఖు మంగళవారం, మంగళవారానికి ఇస్తాను” అని టేపు అందుకుంది.

ఆ కొలతల రోజులున్నాయే, తారీఖమ్మ జీవితంలో అంత వినోదం ముందూ లేదు, తర్వాతా లేదు. లోకం ఇంకో మూడు వారాల్లో ముగుస్తుందని నమ్మినవాళ్ళు ఒక్కొక్కరే వచ్చి చేతులు చాపి నిలబడేవారు. బేకరీ యజమాని, “నడుం దగ్గర మరీ వదులొద్దు, తగ్గుతున్నాను” అన్నాడు. పోస్టాఫీసులో పనిచేసే ఆవిడ, “మొదటి ఉతుక్కి కురచవుతుందా?” అని అడిగి, అడిగాక నాలుక్కరుచుకుంది. ఒక ముసలమ్మ తన అంగీ కోడలి అంగీ కంటే అంగుళం కూడా తగ్గకూడదంది. జేబు అడగనివాడు మచ్చుకైనా ఒక్కడు లేడు.

“జేబులో ఏం పెట్టుకుంటారు?” అనడిగింది తారీఖమ్మ.

“తాళంచెవులమ్మా. ఇల్లు తెరిచిపెట్టి రాలేం కదా.”

ఆవిడ ముప్పై నాలుగింటికీ జేబులు పెట్టింది. అలవాటు కొద్దీ కుట్ల లోపల రెండేసి అంగుళాల గుడ్డ కూడా వదిలింది, ముందు ముందు వదులు చేసుకోడానికి. మాస్టారు చూసి, “ఇదెందుకమ్మా ఇంక?” అంటే, “నా చెయ్యి మీ సభలో చేరలేదు మాస్టారూ” అంది. మంగళవారం సాయంత్రం అయిదింటికి ముప్పై నాలుగు అంగీలూ ఇస్త్రీ అయి మడతల్లో ఉన్నాయి.

ఈ హడావిడిలో ఒక పని వెనకబడింది. వీధి చివరింటి అమ్మాయికి నర్సుగా మొదటి ఉద్యోగం వచ్చింది. వేరే ఊరు. శుక్రవారం పొద్దున డ్యూటీలో చేరాలి, గురువారం సాయంత్రం ఆరింటికి రైలు. రెండు తెల్ల కోట్లు కుట్టాలి. “అక్కడ మొదటి రోజే కోటు లేకుండా వెళ్తే తిప్పి పంపేస్తారు పిన్నీ” అంది ఆ పిల్ల. “గురువారం అయిదింటికి ఇంటికి తెచ్చిస్తాను పో” అంది తారీఖమ్మ. మాట ఇచ్చేసింది.

బుధవారం భర్త తొందరగా ఇంటికొచ్చాడు. ఆఫీసులో ‘ఇవాళే ఆఖరు, రేపట్నుంచి రాను’ అని చెప్పేసి, పనిముట్ల పెట్టె అప్పగించి వచ్చాడు. తారీఖమ్మకు అరుపు నోటిదాకా వచ్చింది గానీ, జరిగిపోయినదానికి అరిచి లాభమేమిటి. అతను దుకాణంలో స్టూలు మీద కూర్చుని, నేల చూస్తూ అడిగాడు.

“రేపు నా పక్కన కూచుంటావా?”

“నేను నమ్మను కదండీ.”

“నమ్మక్కర్లేదు. ఊరికే కూచో. ఆ టైముకి నేనొక్కణ్ణే ఉండలేను.”

ఇదీ వచ్చిన చిక్కు. మిషను పనంతా అయింది కానీ రెండు కోట్లకూ కలిపి పన్నెండు బొత్తాల కాజాలు చేత్తో కుట్టాలి. ఒక్కో కాజాకు అరగంట, పైగా తెల్ల గుడ్డ మీద తెల్ల దారం రాత్రి దీపానికి కళ్ళకు ఆనదు. గురువారం సగం రోజు హాల్లో కూర్చుంటే కోట్లు అందవు, ఆ పిల్ల ఉద్యోగం గల్లంతు, ఇరవై ఎనిమిదేళ్ళ మాట గల్లంతు. కూర్చోకపోతే, నిజమైనా అబద్ధమైనా, తన మనిషి లోకం అంచున ఒంటరిగా కూర్చుంటాడు. తనను ఎంచుకోలేదన్న మనిషే. ఆ కోపం ఇంకా చల్లారలేదు కూడా. అయినా ఆవిడ చాలాసేపేమీ ఆలోచించలేదు. “తొమ్మిదింటికి బయల్దేరదాం” అంది.

మర్నాడు పెళ్ళికి వెళ్తూ పిల్లిని చంకనబెట్టుకెళ్ళినట్టు, తారీఖమ్మ లోకాంతానికి రెండు నర్సు కోట్లు చంకనబెట్టుకుని వెళ్ళింది.

హాల్లో ముప్పై నాలుగు తెల్ల అంగీలు వరసగా కూర్చున్నాయి. గోడ గడియారాన్ని మాస్టారు ముందు రోజే రేడియోతో సరిచూసి పెట్టాడు. కింద నుంచి యథాప్రకారం సబ్బు వాసన. తారీఖమ్మ కిటికీ పక్కన వెలుతురు చూసుకుని కూర్చుని, మొదటి కాజా మొదలెట్టింది. ఒకరిద్దరు చురచురా చూశారు. వాళ్ళను ముసలమ్మే గదమాయించింది, “ప్రార్థన నోటితో కదా, ఆమె చేతులతో పనిచేసుకుంటే మీకేం పోయింది” అని.

పది గంటలకు ఒక కాజా అయింది. పదకొండున్నరకు నాలుగు. ఎవరైనా కదిలితే జేబుల్లో తాళంచెవులు గలగలమంటున్నాయి. భర్త చేతులు ఒళ్ళో పెట్టుకుని గడియారం చూస్తున్నాడు. పన్నెండుకు పది నిమిషాలుందనగా ఆవిడ వైపు వంగి గుసగుసగా అన్నాడు.

“నీకో మాట చెప్పాలి. ఇది దాచుకుని పైకి వెళ్ళలేను.”

“చెప్పండి.”

“అప్పుడు లిఫ్టు చెడిపోలేదు.”

సూది ఆగింది.

“మూడుసార్లూ బాగానే ఉంది. వీధి మలుపులో నీ మూట కనబడగానే నేనే ఆపేసి, ‘పనిచేయదు’ అన్న బోర్డు తగిలించేవాణ్ణి. రెండోసారి మా సూపర్వైజరు పట్టుకుని వారం జీతం కోశాడు. అయినా మూడోసారీ తగిలించాను. మా నాన్న అప్పటికే వేరే సంబంధం మాట్లాడి ఉంచాడు. వద్దని ఆయనతో ఏడాది మాట్లాడలేదు. తక్కినవన్నీ రాసే ఉన్నాయేమో. అమ్మ విషయం కూడా రాసే ఉందని అనుకుంటేనే నేను బతగ్గలను. కానీ ఇదొక్కటీ నేను చేసిందే. పైన ఎవరైనా అడిగితే ఇదే చెప్తాను.”

తారీఖమ్మ వేలికి సూది గుచ్చుకుంది. కోటు మీద పడకుండా వేలు నోట్లో పెట్టుకుంది. ఆ ఉల్లిపాయల సాయంత్రం నుంచీ మోసిన బరువు ఎటు పోయిందో తెలీదు, ఆ మనిషిని వాటేసుకోవాలనీ, రెండు తగిలించాలనీ ఒకేసారి అనిపించింది. అయిదంతస్తులు, వగర్చుకుంటూ, మూడుసార్లు.

అప్పుడు ఆవిడ గడియారం వంక చూసింది. ఏడు నిమిషాలుంది. ఏడాదిగా ఆ తారీఖును ఒక్కసారైనా ఖాతరు చెయ్యని మనిషికి ఆ క్షణంలో భయమేసింది. మాస్టారు లెక్క నిజమైతే? ఇన్నాళ్ళకు ఈ మాట చేతికందితే, దాన్ని పట్టుకుని ఒక్క పూటైనా బతకకుండానే అంతా చుట్టేస్తే? పొద్దున చెప్పుకునే రెండు ముక్కలు పక్కన పెట్టి, కొత్తగా ఒక్క ముక్క చెప్పుకుంది. ఇవాళ వద్దు తండ్రీ, ఎప్పుడైనా రా, ఇవాళ మాత్రం వద్దు. ముప్పై నాలుగు మంది రమ్మంటున్నారు, ఒక్కతి వద్దంటోంది. పైవాడు ఎవరి మాట విన్నాడో మీకు తెలిసిందే.

పన్నెండు కొట్టింది. అందరూ కళ్ళు మూసుకున్నారు. కింద గోడౌనులో ఎవరో పెట్టె దింపారు, ధబ్బుమంది, పోస్టాఫీసావిడ కెవ్వుమంది. తర్వాత ఏమీ లేదు. ఒక నిమిషం, అయిదు నిమిషాలు, పావుగంట. “గడియారం ముందుందేమో” అన్నాడు బేకరీ యజమాని. మాస్టారు మెల్లగా లేచి, ఏడో నోటుబుక్కు తీసుకుని పక్క గదిలోకి వెళ్ళి తలుపు చేరవేసుకున్నాడు.

“అమ్మ రాలేదు” అన్నాడు భర్త, చిన్నపిల్లాడిలా. తారీఖమ్మ కోటు పక్కన పెట్టి, అతని చేతిని రెండు చేతులతో పట్టుకుని కాసేపు అలాగే కూర్చుంది. తర్వాత లేచి, పక్క గది తలుపు తోసింది.

మాస్టారు బల్ల మీద వంగి పెన్సిలుతో గబగబా రాస్తున్నాడు. “ఒక్క సున్నా దగ్గర… వచ్చే ఏడు వసంతంలో… ఇప్పుడే తేలిపోతుందమ్మా, బయటికొచ్చి కొత్త తారీఖు చెప్తాను.”

“మాస్టారూ, మీకు లెక్కలు తెలుసు, నాకు తారీఖులు తెలుసు” అందావిడ. “నేనెప్పుడూ తప్పలేదు గానీ, తప్పిన టైలర్లను చాలామందిని చూశాను. తారీఖు తప్పినవాడు ముందు కొత్త తారీఖు చెప్పకూడదు. ముందు తప్పానని చెప్పాలి. అది చెప్పకుండా రెండో తారీఖు ఇచ్చినవాడి దుకాణం నిలబడగా నేను చూళ్ళేదు.”

“నేను తప్పుతానని కూడా రాసే ఉందేమో.”

“ఉండొచ్చు. కానీ ఇప్పుడు ఈ గుమ్మం దాటి చెప్తారా, ఇక్కడే కూచుని కూడుకుంటారా? అది మటుకు మీ కాళ్ళ చేతిలో ఉంది.”

మాస్టారు తన కాళ్ళ వంక చూసుకున్నాడు. తర్వాత పెన్సిలు కింద పెట్టాడు. హాల్లోకి వెళ్ళి, క్లాసులో నిలబడ్డట్టే నిలబడి, “నా లెక్క తప్పు. అంకెలు తప్పు కాదు, లెక్క వెయ్యడమే తప్పు. దేవుడి చేతిలోది నా నోటుబుక్కులో ఉందనుకున్నాను. నన్ను నమ్మి కొందరు ఉద్యోగాలు వదిలేశారు. వాళ్ళ ఆఫీసులకు నేనే వచ్చి తప్పు నాదని చెప్తాను. క్షమించండి” అన్నాడు. కొత్త తారీఖు చెప్పలేదు.

కొందరు ఏడ్చారు. ఇద్దరు విసురుగా లేచి వెళ్ళిపోయారు. మిగిలినవాళ్ళు ఏం చెయ్యాలో తెలీక కూర్చుండిపోతే ముసలమ్మే తేల్చింది. “సర్లే నాయనా, తప్పు ఒప్పుకున్నావు. ఇప్పుడు భోజనం సంగతేంటి? మా ఇంట్లో ఎవరూ పొయ్యి వెలిగించలేదు” అంది. అందరి ఇళ్ళలోనూ అదే కథ. బేకరీ యజమాని జేబులోంచి తాళంచెవి తీసి, “పదండి, నిన్నటి రొట్టె ఉంటుంది” అన్నాడు. తెల్ల అంగీలన్నీ బిలబిలా మెట్లు దిగాయి. పాలతను నోరు తెరిచి, వాళ్ళ మొహాలు చూసి, మళ్ళీ మూసేశాడు. అతని జీవితంలో మాట మింగడం అదొక్కసారే.

పన్నెండో కాజా బేకరీ మెట్ల మీద కూర్చుని పూర్తిచేసింది తారీఖమ్మ. అయిదుకు అయిదు నిమిషాలుండగా రెండు కోట్లు నర్సమ్మాయి చేతిలో ఉన్నాయి. ఆ పిల్ల గబగబా పెట్టె సర్దుకుంటూ, వెంట వచ్చిన తారీఖమ్మ భర్తను చూసి, “బాబాయ్, ఈ అంగీ ఏంటి, మీరు కూడా డ్యూటీలో చేరుతున్నారా?” అంది. అతను సిగ్గుపడ్డాడు.

ఇద్దరూ ఇంటికి తిరిగి నడిచారు.

“రేపు ఆఫీసుకి వెళ్ళి అడుగుతాను” అన్నాడతను. “మళ్ళీ తీసుకుంటారో లేదో.”

“రాసుందా?”

“ఏమో. వెళ్ళి అడగడమైతే నేనే అడగాలి.” నాలుగడుగులు నడిచి, పక్కకు చూడకుండా అన్నాడు, “ఆ లిఫ్టు సంగతి… పది నిమిషాలే ఉందనుకుని చెప్పేశాను. వెనక్కి తీసుకోవచ్చా?”

“ఇచ్చాక వెనక్కి తీసుకోవడం మా దుకాణంలో లేదు” అందావిడ. నవ్వు ఆపుకోవడానికి శాయశక్తులా ప్రయత్నించింది గానీ కుదరలేదు. “అయినా ఇరవై ఆరేళ్ళు దాచారా? ఇలాంటివి ఇంకా ఏమున్నాయి మీ కడుపులో?”

“ఇంకో రెండున్నాయి.”

“చెప్పండి మరి.”

అతను అంగీ జేబులో చేతులు పెట్టుకుని, తాపీగా అడుగులు వేస్తూ అన్నాడు, “చెప్తాలే. తొందరేముంది, బోలెడంత టైముంది.”